లిఫ్టులో మిగిలిన గొంతు

ఆమెను అందరూ గువ్వ అనేవారు. ఆ పేరు పెట్టింది అక్క. పసితనంలో ఏడుపొచ్చినా నోరు తెరిచి ఏడ్చేది కాదట, గొంతులోనే కువకువలాడేదట. గువ్వ పుట్టిన కొన్నాళ్లకే అమ్మ పోయింది. అప్పటినుంచి పెంచింది అక్కే కాబట్టి, ఆ మాటకు సాక్ష్యం అడిగేవాళ్లు ఎవరూ లేరు.

గువ్వ పాటలు కట్టి పాడేది. అదే ఆమె బతుకుతెరువు. కొత్తవాళ్లు "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే "పాడతానండీ" అనేది. "అది సరే, పనేం చేస్తావు?" అని మళ్లీ అడిగేవారు. ఆ రెండో ప్రశ్నకు ఆమె నవ్వేసి ఊరుకునేది.

సాయంత్రాలు ఒక పెద్ద హోటల్ భోజనశాలలో మూలగా ఉన్న చిన్న వేదిక మీద కూర్చునేది. అక్కడ చప్పట్ల కన్నా చెంచాల చప్పుడే ఎక్కువ. అందరికీ తెలిసిన పాటలు రెండు పాడి, వాటి మధ్య తన పాట ఒకటి సందు చూసి దూర్చేది. చాలామంది గమనించేవారు కాదు. ఎప్పుడైనా ఒకరు చెంచా ప్లేటు అంచున ఆనించి తలెత్తి చూశారంటే, ఆ రోజు ఇంటికి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చేది.

ఆమె గిటారు ఎవరో వాడి అమ్మేసినది. పొట్ట దగ్గర పగిలితే జిగురుతో అతికించి పైన పలుచటి చెక్కముక్క వేయించింది. వాన పట్టిన రోజుల్లో దాని లావు తీగ ఒకటి తేనెటీగలా జుమ్మనేది. మైకు జాలీకి సొట్ట పడింది. ఆమె ప్రాణమంతా కాలికింద పెట్టుకునే ఒక ఇనుప పెట్టె మీదే ఉండేది. దాన్ని కాలితో నొక్కి ఒక వరుస పాడితే, ఆ వరుసను పట్టుకుని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. దాని మీద ఇంకో గొంతు, ఆపైన ఇంకోటి. అలా ఒక్కతే నలుగురై పాడేది.

"నీకు నువ్వే తోడు, నీకు నువ్వే పోటీ. ఇంక పెళ్లెందుకు చేసుకుంటావులే," అనేది అక్క.

అక్క దర్జీ. నాన్న కుట్టిన మిషన్ మీదే ఆవిడా కుట్టేది. ఇద్దరూ ఉండేది నాన్న ఉన్నప్పటి మేడమీది గదుల్లోనే. కింది నుంచి వచ్చే మెట్లదారి పట్టపగలు కూడా చీకటిగా ఉంటుంది. పైకొస్తే పెద్ద కిటికీల గది, కుట్టుపనికి కావలసినంత వెలుతురు. దానికి ఆనుకుని పరదా గుడ్డల చుట్టలు, దూది పరుపులు కుక్కిన ఒక ఇరుకు గది. ఆ గదిలో మాట్లాడితే మాట ఎక్కడికక్కడ ఇంకిపోతుంది, గోడకు తగిలి తిరిగి రాదు. గువ్వకు రికార్డింగ్ గది అదే. చుట్టల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, మైకు ఒళ్లో పెట్టుకుని పాడేది. అక్క అవతల మిషన్ ఆపి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎదురుచూసేది.

హోటల్ పాట ఒక్కదానితో రోజులు గడవవు కనుక చిల్లర పనులు చాలా చేసేది. సబ్బుకో పాట, బడిపిల్లలకో పాట, నొక్కితే మాట్లాడే బొమ్మకో నవ్వు. ఫోన్ చేస్తే "దయచేసి లైన్లో ఉండండి" అని వినిపించే గొంతూ ఆమెదే.

"ఊళ్లో సగం మంది రోజూ నిన్ను తిడుతున్నారే," అనేది అక్క. "లైన్లో ఉండమని చెప్పి నువ్వు మాత్రం ఇక్కడ కాఫీ తాగుతున్నావు."

అలాంటి పనుల్లోనే ఒకటి లిఫ్టు పని. లిఫ్టులు బిగించే మేస్త్రీ ఒకాయన హోటల్లో ఆమె పాట విని ఇంటికి వచ్చాడు.

"కంటి ఆసుపత్రిలో లిఫ్టు పెడుతున్నామమ్మా. కళ్లకు కట్లున్నవాళ్లు ఎక్కుతారు. ఏ అంతస్తుకొచ్చారో వాళ్లకి గొంతే చెప్పాలి. మెత్తగా చెప్పాలి. ఉలిక్కిపడకూడదు."

గువ్వ గుడ్డల గదిలో కూర్చుని అంతస్తులన్నీ చదివింది. తలుపులు తెరుచుకుంటున్నాయనీ, మూసుకుంటున్నాయనీ చెప్పింది. మధ్యలో ఎవరో బట్టలు కుట్టించుకోవడానికి వచ్చి అక్కతో మాటల్లో పడితే, రికార్డరు ఆపకుండా కాసేపు ఆగింది. ఊరికే కూర్చోలేక అప్పుడు తను కడుతున్న పాట ఒకటి కూనిరాగం తీసింది. మాటలు పొడిపొడిగా పలుకుతూ మూడు పాదాలు పాడింది.

*మెట్ల మీద నడిచిన చప్పుడు*
*మెట్లకింకా గుర్తున్నది*
*దిగిపోయిన వాళ్లు మాత్రం...*

ఆమెకు వచ్చింది అంతవరకే. ఆ పాట నాన్న గురించి. గువ్వ మాటలు నేర్చే వయసులో, కుట్టిన పరదాలు ఇచ్చి వస్తానని ఆయన మెట్లు దిగి వెళ్లాడు. సాయంత్రం ఎవరో ఆయన చెప్పులు తెచ్చి ఇచ్చారు. దారిలో గుండె ఆగిపోయిందన్నారు. అక్క ఆయన గురించి ఎప్పుడూ మాట్లాడదు, గువ్వ అడగదు. నాలుగో పాదంలో ఏం పెట్టినా అబద్ధంలా వినిపించి కొట్టేసేది. ఆ పాట ఆమె ఎక్కడా పాడలేదు. అక్కకు కూడా గుడ్డల గది తలుపులోంచి వినబడ్డంత వరకే తెలుసు.

కొన్నాళ్లకు గువ్వ గొంతు పాడైంది. హోటల్లో పై స్వరం పట్టబోతే ఉత్త గాలి వచ్చింది. దగ్గి మళ్లీ పాడింది. మళ్లీ గాలే. గొంతు డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి, స్వరతంతువుల మీద గడ్డ లేచింది, తీసేయాలంది. తీసేశాక ఒక్క మాట కూడా మాట్లాడకూడదంది.

"గుసగుసగా కూడానా?" అని అడిగింది గువ్వ.

"గుసగుస అసలొద్దు. దానికే గొంతు ఎక్కువ బిగుస్తుంది."

"ఎన్నాళ్లు డాక్టరుగారూ?"

"నేను మాట్లాడమనేదాకా."

చికిత్స అయ్యాక గువ్వ ఒక పలక మెడలో వేలాడదీసుకుని తిరిగింది. ఇంట్లో ఇద్దరి మాటలూ అక్కే మాట్లాడేది. ప్రశ్న తనే అడిగి, జవాబు తనే చెప్పి, ఆ జవాబు నచ్చక తనే కోప్పడేది.

ఆ మౌనంలోనే గువ్వకు తన గొంతు ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ వినబడసాగింది. మందుల దుకాణంలో నిలబడితే, దుకాణదారు చెవి దగ్గరి ఫోన్లోంచి ఆమె గొంతు లైన్లో ఉండమంటోంది. వీధి మలుపులో రేడియో సబ్బు పాట పాడుతోంది. ఎవరో పాపాయి చేతిలో బొమ్మ నవ్వింది. ఆ గొంతు నున్నగా, హాయిగా ఉంది. దానికి ఏ జబ్బూ రాలేదు. తన నోరు మూతపడితే అది మాత్రం ఊరంతా తిరుగుతోంది, తన అవసరమే లేనట్టు.

అలాంటి రోజుల్లో అక్క, సూదిలో దారం ఎక్కించడం కష్టమై, కంటి ఆసుపత్రికి బయల్దేరింది. గువ్వ తోడు వెళ్లింది.

ఆ లిఫ్టులో మీటల పక్కన చిన్న స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఆసుపత్రి అంతా ఆవిడను పిన్నీ అంటారు. కట్లున్నవాళ్ల చేయి పట్టుకుని లోపలికి ఎక్కించడం, దించడం ఆవిడ పని. ఆ రోజు లోపల ఒక ముసలామె కూడా ఉంది. ఆమె రెండు కళ్లకూ తెల్లటి కట్లు.

తలుపులు మూసుకున్నాయి. గువ్వ గొంతు అంతస్తులు చెప్పుకుంటూ పోయింది. పై అంతస్తులకు చేరుతుండగా, చెప్పవలసింది చెప్పేశాక, చిన్నగా ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది. తర్వాత పాట మొదలైంది.

*మెట్ల మీద నడిచిన చప్పుడు...*

అక్క గువ్వ మోచేయి గట్టిగా పట్టుకుంది. "ఇదేంటే? నువ్వు గుడ్డల గదిలో పాడుకునేది కదూ?"

మూడో పాదంతో పాట ఆగింది. లిఫ్టు కూడా ఆగింది. కట్లున్న ముసలామె గువ్వ నిలబడిన వైపే ముఖం తిప్పింది.

"ఊపిరి తీసుకున్నావు. మరి పాడవేమమ్మా?" అంది.

 నిజమే. ఆ గొంతు ఊపిరి తీసుకున్నప్పుడు గువ్వ కూడా అనుకోకుండా ఊపిరి తీసుకుంది. అంతకు మించి ఏ చప్పుడూ చేయలేదు.

"మాట్లాడకూడదమ్మా దానికి, గొంతుకి ఆపరేషన్ అయింది," అని అక్క సంజాయిషీ ఇచ్చింది.

"ఊపిరి మాత్రం ఒకటే," అంది ముసలామె. ఎవరో వచ్చి చేయి పట్టుకుంటే దిగి వెళ్లిపోయింది.

పిన్ని ఇద్దరినీ తేరిపార చూసింది. "అయితే ఈవిడేనా మా పాటమ్మాయి! నేను రోజూ వింటాను, తల్లీ. మొత్తం కంఠతా వచ్చేసింది." అని మీట మీద వేలుంచుకుని పాట ఎత్తుకుంది. మూడు పాదాలూ పాడింది. ఆగలేదు.

*తలుపు దగ్గరే ఉన్నారు*
*పిలవకండి, వస్తారు*
*వెలుతురు అలవాటు కానివ్వండి*

గువ్వ చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. గువ్వ కింద వెతికి సుద్దముక్క తీసుకుని పలక మీద గబగబా రాసింది. "చివరిదంతా ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి, నువ్వు పాడిందే. జనం ఉంటే సగంలో ఆపేస్తుంది. లోపల ఎవరూ లేకపోతే మొత్తం పాడుతుంది."

"మీరుంటారు కదా?" అని రాసింది గువ్వ.

పిన్ని పలక చదివింది. "నన్ను మనిషి కింద లెక్కేయదేమోనమ్మా. స్టూలుతో పాటు నేనూ సామానే," అని నవ్వింది. ఆ నవ్వుకు తోడు నవ్వినవాళ్లు లేరు.

ఇంటికొచ్చాక అక్క ఒక్క మాట మాట్లాడలేదు. కళ్లద్దాలు రాసిచ్చారన్న సంగతి కూడా మర్నాడు చెప్పింది.

గువ్వ మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వెళ్లింది. లిఫ్టులో వెనక గోడకు ఆనుకుని పైకీ కిందికీ తిరిగింది. తన గొంతు మూడు పాదాలు పాడి ఆగిపోయేది. అక్కడ ఆమె ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది. తాళ్లు కీచుమనేవి, నెత్తిమీద ఫ్యాను తిరిగేది. అంతకు మించి ఏమీ వినిపించేది కాదు. చివరికి తన చిన్న రికార్డరు పిన్ని చేతిలో పెట్టి, లోపల ఎవరూ లేనప్పుడు దీన్ని నొక్కమని రాసి చూపించింది.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రి వెనక వరండాలో కూర్చుని విన్నారు. ఫ్యాను చప్పుడు, అంతస్తుల పేర్లు, ఊపిరి, మూడు పాదాలు, అన్నీ ఉన్నాయి. నాలుగో పాదం దగ్గర పిన్ని గొంతు ఒక్కటే వినబడింది. ఎవరితోనో కలిపి పాడుతున్నట్టు ఆగి ఆగి, ఎవరి కోసమో తగ్గి తగ్గి పాడింది. రెండో గొంతు లేదు.

"ఇది మీ ఒక్కరి గొంతే," అని రాసింది గువ్వ. మనసులో ఎక్కడో బరువు దిగినట్టయింది. ఈవిడే కట్టుకుని ఉంటుంది. ఒంటరిగా పెట్టెలో కూర్చున్న మనిషి, పాటను తనకు తెలియకుండానే పూర్తి చేసుకుని ఉంటుంది.

పిన్ని మాత్రం రికార్డరు వైపు భయంగా చూస్తోంది.

"నాదేనమ్మా. నేను దానితో పాటే పాడతాను కదా. మరి దాని గొంతేదీ?"

 ఆ తర్వాత పిన్ని లేచి, డ్యూటీ ఉంది కాబట్టి వెళ్లాలంది. కానీ లిఫ్టు తలుపు దాకా వెళ్లి ఆగింది. ఇంకెవరో ఎక్కేదాకా లోపలికి అడుగుపెట్టలేదు.

గువ్వ లిఫ్టు మేస్త్రీకి కబురు చేసింది. ఆయన వచ్చి మీటల పలక విప్పి, లోపలి చిన్న డబ్బాను తన యంత్రానికి తగిలించి మొత్తం విన్నాడు.

"నా పొరపాటేనమ్మా. ఆ అంతస్తు మాట చివర కత్తిరించడం మర్చిపోయాను. మీ కూనిరాగం తోకలా ఉండిపోయింది."

గువ్వ మూడు వేళ్లు చూపించి, నాలుగోది ఎత్తి, కనుబొమలు ముడిచి అడిగింది.

"మూడు పాదాలేనమ్మా. ఆ తర్వాత మీ అక్కగారి మిషన్ చప్పుడు ఒక్క క్షణం ఉంది. అంతే." ఆయన ఆ తోక అక్కడికక్కడే తీసేశాడు. గువ్వ వద్దని చెయ్యెత్తబోయింది. ఎందుకు వద్దో తనకే తెలియక చెయ్యి దించేసింది. ఆ రోజు నుంచి లిఫ్టు అంతస్తులు మాత్రమే చెప్పింది. కట్లున్నవాళ్లలో కొందరు "పాట ఏమైంది?" అని అడిగారట. పిన్ని వాళ్లకేమీ చెప్పలేదు.

డాక్టరమ్మ గొంతులో అద్దం పెట్టి చూసి "ఇక మాట్లాడొచ్చు, మెల్లగా" అన్న రోజు, గువ్వ ఆసుపత్రిలో నోరు విప్పలేదు. మొదటి మాట ఇంట్లోనే అనాలని దాచుకుంది. మెట్లెక్కి గుమ్మంలో నిలబడి "అక్కా" అంది.

అక్క కత్తెర పక్కన పెట్టి "ఎవరు?" అంది, తలెత్తకుండానే.

గొంతు మారిపోయింది. పాత నునుపు పోయింది. కిందికి దిగి, అడుగున ఇసుక ఉన్నట్టు గరగరలాడుతోంది. అక్క లేచి వచ్చి చెల్లెలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది.

"నువ్వేనటే?"

"నేనే. బాగాలేదు కదూ?"

"ఏమోనే. ఇంకా పరిచయం కాలేదు," అంది అక్క.

మర్నాడు గువ్వ ఆసుపత్రికి వెళ్లింది. పిన్నికి ఆ పాట తన కొత్త గొంతుతో వినిపించాలనుకుంది. మధ్యాహ్నం జనం పలుచబడ్డాక, లిఫ్టు పక్కనున్న గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. గువ్వ కళ్లు మూసుకుని మొదటి నుంచి పాడింది. నాలుగో పాదానికి వచ్చేసరికి పిన్ని గువ్వ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేయి చల్లగా ఉంది.

"ఏమైంది పిన్నీ?"

"ఇదే. మిగతాది పాడేది ఈ గొంతే."

గువ్వకు అర్థం కాలేదు.

"ముందు మూడూ నీ పాత గొంతుతో పాడేది. అక్కడి నుంచి బొంగురుపోయేది. యంత్రం అరిగిపోయిందేమో అనుకున్నాను. ఇదే గొంతమ్మా. ఇదే గరగర. నీ గొంతుకు కత్తెర పడకముందే నేను విన్నాను."

 ఆసుపత్రి మామూలుగా ఉంది. ఎవరో మందుల చీటీ చదివించుకుంటున్నారు. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, లోపల ఎవరూ లేరు. గువ్వ పాత గొంతు, తలుపులు తెరుచుకుంటున్నాయని మర్యాదగా చెప్పింది. కాసేపటికి మూసుకుంటున్నాయంది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

ఆ పాటను మానేయాలనే అనుకుంది గువ్వ. కానీ వారం తిరక్కుండానే పిన్నే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "పాడకపోతే నాకు నిద్ర పట్టట్లేదు. పాడితే భయం. ఇద్దరం కలిసి పాడేద్దాం, పీడా పోతుంది," అంది. గువ్వకు నవ్వొచ్చింది. ఇద్దరూ గుడ్డల గదిలో దూరారు. పిన్నికి మోకాళ్లు ముడవడం రాక, పరుపుల మీదికెక్కి దొరసానిలా కూర్చుంది. అక్క మిషన్ ఆపి గుమ్మం దగ్గర నిలబడింది.

మొదటి మూడు పాదాలు గువ్వ ఒక్కతే పాడింది. అక్కడి నుంచి ఇద్దరూ అందుకున్నారు. ఆగి ఆగి, తగ్గి తగ్గి పాడే పిన్ని గొంతు పక్కన గువ్వ గొంతు సరిగ్గా, ముందే చోటు కొలిచి పెట్టినట్టు ఇమిడింది.  పాట అయ్యాక గువ్వ రికార్డరు ఆపబోయి తలెత్తితే, అక్క గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. నాన్న చెప్పులు వచ్చిన రోజు కూడా ఆవిడ ఏడవలేదని బంధువులు చెప్పుకునేవారు.

"ఆ మాట నీకెవరు చెప్పారే?" అంది అక్క.

"ఏ మాట?"

"వెలుతురు అలవాటు కానివ్వడం." అక్క పైటతో కాకుండా చేతిలో ఉన్న పరదా గుడ్డతోనే ముఖం తుడుచుకుంది. "నాన్న ఆ చీకటి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగిపోయేవాడు. కళ్లు చికిలించుకుని నిలబడేవాడు. నేను 'ఆకలేస్తోంది, రా నాన్నా' అని పిలిస్తే, 'ఉండవే, పిలవకు, వస్తున్నా, ఈ వెలుతురు అలవాటు కానీ' అనేవాడు. రోజూ అదే మాట. నీకు ఊహ తెలియదు. నేనెవరికీ చెప్పలేదు. లిఫ్టులో ఈవిడ పాడినప్పుడే అది నాన్న మాటని గుర్తుపట్టాను. నీకు చెప్పడానికి భయమేసింది."

పిన్ని పరుపుల మీంచి మెల్లగా దిగి వచ్చి, అక్క పక్కన నిలబడింది. "నాకు మీ నాన్న ఎవరో కూడా తెలియదమ్మా," అంది, క్షమాపణ అడుగుతున్నట్టు.

ఆ పాట జనంలోకి వెళ్లింది. ఊరంతా ఊగిపోయిందని కాదు కానీ, హోటల్లో చెంచాలు ఆగేవి. కట్టిందెవరని అడిగితే గువ్వ "మొదటి మూడు పాదాలు నావి" అనేది. మిగతావి ఎవరివని అడిగితే, తనతో కలిసి పాడటానికి వచ్చిన పిన్ని వైపు చూసేది. పిన్ని వెంటనే రెండు చేతులూ ఊపేసేది. వినేవాళ్లు అదేదో వాళ్లిద్దరి మధ్య సరదా అనుకునేవారు. కొత్త గొంతుకు కొత్త పనులూ వచ్చాయి. బొమ్మలో నవ్వించమని ఇక ఎవరూ పిలవలేదు. సాయంత్రం వార్తల ముందు వచ్చే కథలు చదవమని రేడియోవాళ్లు పిలిచారు. లిఫ్టు మేస్త్రీ ఇంకో భవనం కోసం వచ్చినప్పుడు మాత్రం ఆమె వద్దని చేతులు జోడించింది.

పాటకు రెండో చరణం ఇంకా కుదరలేదు. దాని కోసం గువ్వ తొందరపడటం లేదు. అక్క ఇప్పుడు గుడ్డ కత్తిరిస్తూ కత్తిరిస్తూ నాన్న సంగతులు చెబుతుంది. ఆయన సూది పోగొట్టుకుని చొక్కాకే గుచ్చుకుని ఉందని తెలియక ఇల్లంతా వెతికించిన సంగతి, నవ్వితే మిషన్ తొక్కడం ఆగిపోయే సంగతి. గువ్వ గిటారు ఒళ్లో పెట్టుకుని వింటుంది, వాయించదు.

ఒక్కోసారి చీకటి మెట్ల మీద అడుగుల చప్పుడవుతుంది. అక్క చేతిలో కత్తెర ఆగుతుంది. ఎవరది అని ఇద్దరూ పిలవరు. గుమ్మం వైపు చూస్తూ, వచ్చినవాళ్లు లోపలికి అడుగుపెట్టేదాకా అలాగే ఉంటారు. చాలావరకు బట్టలు కుట్టించుకునేవాళ్లే వస్తారు.